మార్పులు చేసిన ఇంజిన్‌కు ఏ స్పార్క్ ప్లగ్గు? గ్యాప్ లెక్క వేరు, వేడి లెక్క వేరు

సంక్షిప్తంగా: ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం), టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఒత్తిడి పెంపు, గ్యాస్ కిట్ వంటి మార్పుల తర్వాత ప్లగ్గు మార్చాలా అన్న ప్రశ్నకు అన్ని కార్లకూ సరిపోయే జవాబు లేదు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే ముందు చూడాల్సింది గ్యాప్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ దూకే ఖాళీ. ఇంజిన్ ఎక్కువసేపు పూర్తి భారం మీద నడిచినప్పుడే హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన కొనలోని వేడిని దాటించే తీరు, మార్చే అవసరం వస్తుంది. ప్లగ్గు మొన లోహం నికెలా, ఇరీడియమా అన్నది చివరి ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కార్లు తిరిగే తీరు చూస్తే చాలా వాటికి మొదటి అడుగే సరిపోతుంది.

చిన్న టర్బో పెట్రోలు కార్లు మధ్యతరగతి ఇళ్ల ముందుకు వచ్చాక ఇంజిన్ మార్పుల ముచ్చట పెద్ద నగరాలకే పరిమితం కాలేదు. విశాఖలో రీమ్యాప్ చేయించుకుని సాయంత్రానికి శ్రీకాకుళమో విజయనగరమో చేరే కార్లున్నాయి. మొదటి నాలుగు రోజులూ అంతా బాగానే ఉంటుంది. తర్వాత ఒక రోజు జాతీయ రహదారి మీద లారీని దాటబోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం తడబడుతుంది. షెడ్డు భాషలో చెప్పాలంటే 'మిస్' అవుతుంది. అక్కడి నుంచి సలహాలు మొదలు. ఒకరు ఏడో నంబరు ప్లగ్గు వేయించమంటారు, మరొకరు ఎనిమిది అంటారు, ఇంకొకరు ఇరీడియం వేస్తే పికప్ దానంతటదే వస్తుందంటారు. విడిభాగాల దుకాణంలో డబ్బాలు వరుసగా పెట్టి చూస్తే ఈ సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు.

ప్లగ్గు రెండు పనులు చేస్తుంది. ఆ రెండింటినీ ఒకే పనిగా చూడటం వల్లే ఈ గందరగోళమంతా.

నిప్పు ఒక పని, వేడి మరో పని

మొదటి పని అందరికీ తెలిసిందే. మధ్య ఎలక్ట్రోడ్‌కూ పక్క ఎలక్ట్రోడ్‌కూ మధ్య ఉన్న సన్నటి ఖాళీలో నిప్పురవ్వ పుట్టించి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని మండించడం. ఆ ఖాళీనే గ్యాప్ అంటారు. రెండో పని కంటికి కనిపించదు. మంట తాకిడికి వేడెక్కిన కొనలోని వేడిని పింగాణీ నుంచి ఇనుప ఒంటికీ, దాని మరల గుండా సిలిండర్ హెడ్‌కూ, అక్కడి నుంచి కూలెంట్‌కూ దాటించడం. ఏ ప్లగ్గు ఎంత త్వరగా ఈ వేడిని దాటిస్తుందో చెప్పేదే హీట్ రేంజ్. కొన దగ్గరి పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే వేడి ప్రయాణించాల్సిన దూరం తక్కువ, కాబట్టి కొన చల్లగా ఉంటుంది. అది కోల్డ్ ప్లగ్గు. ముక్కు పొడుగైతే వేడి నిలుస్తుంది. అది హాట్ ప్లగ్గు. నిప్పురవ్వ బలానికీ హీట్ రేంజ్‌కూ సంబంధం లేదు. కోల్డ్ ప్లగ్గు వేస్తే ఇంజిన్ చల్లబడుతుందన్న మాట కూడా నిజం కాదు. చల్లబడేది ప్లగ్గు కొన మాత్రమే.

ఈ రెండు పనులకూ కాలం కొలత వేరు. నిప్పురవ్వకు ఎంత వోల్టేజీ కావాలన్నది ఆ ఒక్క క్షణంలో సిలిండర్‌లో ఉన్న ఒత్తిడిని బట్టి తేలుతుంది. కొన ఎంత వేడెక్కుతుందన్నది ఇంజిన్ ఎంతసేపు భారం మోసిందన్న దాన్ని బట్టి ఉంటుంది. లారీని దాటేటప్పుడు మూడు సెకన్లు పూర్తిగా తొక్కితే వోల్టేజీ అవసరం అంతా పెరుగుతుంది, ఉష్ణోగ్రత మాత్రం పై అంచుకు చేరేలోపే కాలు వెనక్కి వస్తుంది. రహదారి మీద ఆ తడబాటు హీట్ రేంజ్ సమస్య కాకుండా గ్యాప్ సమస్య అయ్యే అవకాశమే ఎక్కువన్నది ఇక్కడే తెలుస్తుంది.

గ్యాప్ ఎందుకు తగ్గించాలి

గాలిని చీల్చుకుని విద్యుత్తు దూకడానికి కావలసిన వోల్టేజీ ఆ గాలి ఒత్తిడి, దూకాల్సిన దూరం అనే రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ 1889లో చూపించారు. ఇంజిన్‌లో ఉండే ఒత్తిళ్ల దగ్గర ఈ సంబంధం దాదాపు సూటిగా పనిచేస్తుంది. ఒత్తిడి పెరిగితే వోల్టేజీ పెరగాలి, లేదా దూరం తగ్గాలి. ప్లగ్గుకు అధిక వోల్టేజీ అందించే ఇగ్నిషన్ కాయిల్ ఇవ్వగలిగిన వోల్టేజీకి ఒక హద్దు ఉంది. రీమ్యాప్ చేసినంత మాత్రాన కాయిల్ మారదు. మిగిలింది దూరమే.

ఒక ఉదాహరణ తీసుకుంటే లెక్క స్పష్టమవుతుంది. కంపెనీ అమరికలో టర్బో 0.9 బార్ ఒత్తిడి ఇస్తోందనుకుందాం. సుమారు ఒక బార్ ఉండే వాతావరణ పీడనం కలుపుకుంటే అది సుమారు 1.9. రీమ్యాప్ తర్వాత 1.3 బార్ అయితే మొత్తం 2.3. అంటే నిప్పురవ్వ పడే క్షణానికి ఒత్తిడి ఇంచుమించు ఐదో వంతు పెరిగింది. మొదట గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు ఉంటే, కాయిల్ మీద అదే భారం నిలవాలంటే అది సుమారు 0.66కు రావాలి. కాయిల్‌లో కంపెనీ వదిలిన మిగులు కొంత ఉంటుంది కాబట్టి 0.7 దగ్గర మొదలుపెట్టి, అప్పటికీ తడబడితేనే 0.65కు దించడం సమంజసం.

అలాగని గ్యాప్‌ను ఇష్టం వచ్చినట్టు తగ్గించకూడదు. ఖాళీ మరీ ఇరుకైతే నిప్పురవ్వ చిన్నదవుతుంది, పుట్టిన మంటను ఎలక్ట్రోడ్లే చల్లార్చేస్తాయి. ఐడిలింగ్‌లో బండి వణకడం, పొద్దున్నే స్టార్టింగ్ ఇబ్బంది పెట్టడం దీని లక్షణాలు. టర్బో లేని ఇంజిన్‌కు ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు మాత్రమే మార్చినప్పుడు సిలిండర్ ఒత్తిడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. అక్కడ గ్యాప్ ముట్టుకోనక్కర్లేదు.

కోస్తా జిల్లాల వరకు ఒక అదనపు చిక్కు ఉంది. గ్యాప్‌లో దూకడం కష్టమైనప్పుడు విద్యుత్తు సులువైన దారి వెతుకుతుంది. ప్లగ్గు పైభాగంలో తెల్లటి పింగాణీ మీద తేమ, ఉప్పుగాలి తెచ్చిన మురికి, దుమ్ము పేరుకుంటే వాటి మీదుగా జారి బయటి నుంచే ఒంటికి చేరిపోతుంది. పింగాణీ మీద పెన్సిలు గీతలాంటి సన్నటి నల్లటి చార కనిపిస్తే అది ఇదే. కాయిల్ కింద ఉండే రబ్బరు తొడుగు గట్టిపడినా, పగిలినా ఇదే జరుగుతుంది. కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గరగా నిలిపి ఉంచే కారులో ప్లగ్గు నంబరు గురించి ఆలోచించే ముందు ఈ తొడుగును చూడటం మంచిది. ఇనుప ఒంటికి కాస్త పైన పింగాణీ చుట్టూ ఉంగరంలా కనిపించే గోధుమ రంగు మరక మాత్రం వేరు. గాలిలోని నూనె కణాలు అధిక వోల్టేజీకి ఆకర్షితమై అంటుకోవడం వల్ల వచ్చేది అది. సిలిండర్ నుంచి గ్యాస్ లీకవుతోందని పొరబడి మంచి ప్లగ్గులను పారేస్తుంటారు.

హీట్ రేంజ్: రెండు తప్పులూ సమానం కావు

ప్లగ్గు కొన సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని మీది మసి దానంతటదే కాలిపోతుంది. 800 డిగ్రీలు దాటుతున్నకొద్దీ కొన నిప్పుకణికలా మారి, నిప్పురవ్వ పడకముందే మిశ్రమాన్ని అంటించే ప్రమాదం మొదలవుతుంది. ఈ రెండు అంచుల మధ్య కొనను ఉంచడమే హీట్ రేంజ్ ఎంపిక. ఒక మెట్టు మారితే కొన ఉష్ణోగ్రత సుమారు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుందని తయారీదారుల లెక్క. మూడు వందల డిగ్రీల వెడల్పున్న దారిలో ఇది చిన్న అడుగు కాదు. ఒకేసారి రెండు మూడు మెట్లు దిగడం ఎందుకు ప్రమాదకరమో దీన్ని బట్టే తెలుస్తుంది.

అవసరానికి మించి కోల్డ్ ప్లగ్గు వేస్తే మసి పేరుకుంటుంది. మసి విద్యుత్తును పోనిస్తుంది కాబట్టి వోల్టేజీ గ్యాప్ దాటకుండా ముక్కు మీదుగా జారిపోతుంది. బండి మిస్ అవుతుంది, మండని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది. అవసరానికి మించి హాట్ ప్లగ్గు వేస్తే జరిగే నష్టం దీనికి పోలిక లేనిది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట అంటుకుని, కిందికి నెట్టాల్సిన ఒత్తిడి ఎదురు తిరుగుతుంది. అల్యూమినియం పిస్టన్ నెత్తికి రంధ్రం పడటానికి ఎక్కువసేపు పట్టదు. అందుకే నిజంగా ఎటూ తేలనప్పుడు ఒక మెట్టు చల్లటి వైపు మొగ్గడం తప్పు కాదు.

నాకింగ్‌ను దీనితో కలపకూడదు. నిప్పురవ్వ పడ్డాక, మంట చేరకముందే మూలల్లో మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలడం నాకింగ్. దానికి కారణాలు ఇంధనం ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం), టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం), లోపలికి వచ్చే గాలి వేడి. టైమింగ్‌ను అతిగా ముందుకు జరిపిన రీమ్యాప్‌ను కోల్డ్ ప్లగ్గుతో సరిచేయాలనుకోవడం జ్వరానికి థర్మామీటరు మార్చినట్టే.

75 హార్స్‌పవర్ సూత్రం

ఎన్‌జీకే వంటి ప్లగ్గుల తయారీ సంస్థలు చెప్పే ఒక మోటు లెక్క ఉంది: ఇంజిన్ శక్తి 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు చల్లటి ప్లగ్గు. దీన్ని యథాతథంగా మన కార్లకు అన్వయిస్తే 110 హార్స్‌పవర్ ఇంజిన్‌ను 140కి పెంచినా ప్లగ్గు మార్చనక్కర్లేదనిపిస్తుంది. ఇక్కడ ఆగి భాగించాలి. ప్లగ్గు ఇంజిన్ మొత్తం వేడిని చూడదు, తన సిలిండర్ వేడినే చూస్తుంది. అమెరికాలో మార్పులు చేసే బండ్లలో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లు మామూలు. అక్కడ 75 అంటే ఒక్కో సిలిండర్‌కు తొమ్మిది చిల్లర. మన వీధుల్లోని ఒక లీటరు టర్బోకు మూడే సిలిండర్లు. 30 హార్స్‌పవర్ పెంపు అంటే ఒక్కో సిలిండర్‌కు పది. సిలిండర్ సైజు తేడాను పక్కన పెట్టినా, ఈ భాగహారం ప్రకారం చిన్న ఇంజిన్ రీమ్యాప్ కూడా ఒక మెట్టు గీత దగ్గరకే వస్తోంది.

మరి వెంటనే మెట్టు దిగాలా? ఆ పది హార్స్‌పవర్ ఎన్ని నిమిషాలు వాడుకలో ఉంటుందన్న ప్రశ్నకు జవాబు దొరికాకే.

ఇక్కడి రోడ్ల లెక్క

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర బయలుదేరి అరసవల్లి గుడికి వెళ్లి రావడం, విజయనగరంలో గంటస్తంభం చుట్టూ బజారు పని చూసుకుని ఇంటికి చేరడం: ఇలాంటి ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కొన 450 డిగ్రీల గీతకు చేరదు. కోల్డ్ ప్లగ్గుకు మసి పట్టించే తిరుగుడు ఇదే. పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరం రోడ్ల మీద గంటసేపు అంగుళం అంగుళం కదిలే కారు గురించి చెప్పనే అక్కర్లేదు.

రహదారి మీద సంగతి భిన్నంగా ఉంటుందనుకుంటారు గానీ, చదునైన రోడ్డు మీద వంద కిలోమీటర్ల స్థిర వేగంతో వెళ్లే చిన్న కారు తన శక్తిలో కొద్ది భాగమే వాడుతుంది. రణస్థలం నుంచి ఆనందపురం దాకా సాగే ప్రయాణం ప్లగ్గుకు శిక్ష కాదు. ఒక రకంగా మసి వదిలించే వ్యాయామం. అసలు పరీక్ష శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌లో ఉంటుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు లోయకు నలుగురిని, సామానును ఎక్కించుకుని, ఏసీ నడుపుతూ ఎక్కే కారులో టర్బో చాలాసేపు ఒత్తిడి ఇస్తూనే ఉంటుంది. వేగం తక్కువ కాబట్టి రేడియేటర్‌కూ, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కూ తగిలే గాలీ తక్కువే. అయినా మలుపు మలుపుకూ కాలు తీయక తప్పదు, ఆ విరామాల్లో కొన చల్లబడుతుంది.

కాబట్టి వారంలో ఆరు రోజులు ఊళ్లో తిరిగి, నెలకోసారి ఘాట్ ఎక్కే రీమ్యాప్ కారుకు కంపెనీ హీట్ రేంజ్‌నే ఉంచి గ్యాప్ మాత్రం తగ్గించడం మెరుగైన మొదటి అడుగు. ఘాట్ దారుల్లో దాదాపు రోజూ బరువుతో తిరిగేదానికి, టర్బోనే మార్చి పెద్దది బిగించినదానికి, రేస్ ట్రాక్ మీద దింపేదానికి ఒక మెట్టు చల్లటి ప్లగ్గు న్యాయం. మార్చే ముందు కంపెనీ ఇచ్చిన ప్లగ్గు ఏ మెట్టులో ఉందో చూసుకోవాలి. టర్బో ఇంజిన్లకు చాలావరకు అది ముందే చల్లటి వైపు ఉంటుంది.

అంకెలు చదవడంలో తిరకాసు

మెట్టు దిగడం అంటే ఏ అంకె వైపు వెళ్లడమన్నది బ్రాండును బట్టి తిరగబడుతుంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లన. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే వేడి. పైగా ఎన్‌జీకే 6, 7, 8 అని లెక్కిస్తే దాదాపు అదే వరుసకు డెన్సో 20, 22, 24 అని రాస్తుంది. ఎన్‌జీకే 6 తీసి, చల్లన అవుతుందనుకుని బాష్ 8 వేస్తే జరిగేది సరిగ్గా వ్యతిరేకం. 'ఏడో నంబరు వేయించండి' అన్న సలహాలో బ్రాండు పేరు లేకపోతే ఆ సలహాకు అర్థం లేదు.

మిగతా అక్షరాలకూ అర్థాలున్నాయి. బీకేఆర్6ఈ-11 అన్న ఎన్‌జీకే కోడ్‌నే తీసుకుంటే, మొదటి రెండు అక్షరాలు 14 మిల్లీమీటర్ల మర, 16 మిల్లీమీటర్ల పానా పట్టే తలను చెబుతాయి. ఆర్ అంటే లోపల విద్యుత్ రొదను అణిచే రెసిస్టర్ ఉందని. 6 హీట్ రేంజ్. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 గ్యాప్ 1.1 మిల్లీమీటర్లని. రెసిస్టర్ లేని రేస్ ప్లగ్గు వేస్తే దాని విద్యుత్ రొద ఈసీయూ సెన్సర్లను కలవరపెట్టవచ్చు. మర పొడవు తప్పితే ఇంకా ప్రమాదం: పొడుగైతే పిస్టన్‌కు తగలవచ్చు, పొట్టిదైతే హెడ్‌లో ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడి తర్వాత సరైన ప్లగ్గును ఎక్కనివ్వదు. ఎత్తైన నెత్తి ఉన్న పిస్టన్లు వేసి కంప్రెషన్ పెంచిన ఇంజిన్లలో కొన ముందుకు పొడుచుకు వచ్చే రకాన్ని వాడే ముందు లోపలి ఖాళీని కొలవాల్సిందే.

ఇరీడియం వల్ల వచ్చేదెంత

నికెల్ సుమారు 1,455 డిగ్రీల దగ్గర, ప్లాటినం 1,768 దగ్గర, ఇరీడియం 2,446 దగ్గర కరుగుతాయి. ఇరీడియం అంత మొండిది కాబట్టే దానితో మధ్య ఎలక్ట్రోడ్‌ను 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల సన్నదనానికి తేగలిగారు. మామూలు నికెల్ ప్లగ్గులో అది సుమారు 2.5 ఉంటుంది. సన్నటి మొన నుంచి విద్యుత్తు సులువుగా దూకుతుంది, మంటను చల్లార్చే లోహమూ తక్కువ. ఒత్తిడి పెంచిన ఇంజిన్‌లో కాయిల్‌కు దక్కే ఊరట నిజమైనదే. మన్నిక కూడా ఎక్కువ.

పికప్ కథ మాత్రం వేరు. అరిగిపోయిన పాత ప్లగ్గు తీసి కొత్త ఇరీడియం వేసినప్పుడు బండి హుషారెక్కితే, అందులో ఎక్కువ వాటా 'కొత్త'దానిది, ఇరీడియానిది కాదు. మిస్ కాకుండా మండుతున్న ఇంజిన్‌లో ఏ లోహమూ అదనపు శక్తి పుట్టించదు. గ్యాప్‌ను, హీట్ రేంజ్‌ను ఇంకా సరిచూసుకుంటున్న దశలో తరచూ విప్పి, వంచి, మార్చాల్సి వస్తుంది కాబట్టి చౌకైన నికెల్ ప్లగ్గులే అనువు. అమరిక కుదిరాక అదే మెట్టులో ఇరీడియం కొనుక్కోవచ్చు. దాని గ్యాప్ సరిచేసేటప్పుడు పక్క ఎలక్ట్రోడ్‌ను మాత్రమే వంచాలి. మధ్య మొనకు గేజ్ ఆనించి నెడితే విరుగుతుంది. ఇరీడియం డబ్బాల్లో నకిలీలు కూడా తిరుగుతున్నాయి. ముద్రణ మసకగా ఉన్నా, మధ్య మొన అతికించిన చోట వంకరగా ఉన్నా, ధర నమ్మలేనంత తక్కువైనా వదిలేయడమే మేలు.

గ్యాస్ కిట్, ఇరవై శాతం ఇథనాల్

కుటుంబ కార్లలో టర్బో కంటే ఎక్కువగా కనిపించే మార్పు సీఎన్‌జీ కిట్. దాని లెక్క పెట్రోలుకు భిన్నం. సీఎన్‌జీ మిశ్రమంలో నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు దొరికే చల్లదనం ఇందులో లేదు. అందుకే గ్యాప్ కాస్త తగ్గించడం, కిట్ తయారీదారు చెబితే ఒక మెట్టు దిగడం రెండూ అర్థవంతం. గ్యాస్ మసి పెట్టదు కాబట్టి కోల్డ్ ప్లగ్గుతో వచ్చే ఇబ్బంది కూడా తక్కువే. కిట్‌ను ఆర్‌సీలో నమోదు చేయించడం తప్పనిసరి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక లక్షణాలను మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. టర్బో మార్పిడి వంటివి చేయించుకునేవారు ప్లగ్గు సంగతి కంటే ముందు చూసుకోవాల్సింది ఇది.

ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వచ్చాక ప్లగ్గు కూడా మార్చాలా అని అడిగేవారు పెరిగారు. ఇథనాల్ ఆక్టేన్ పెట్రోలు కంటే ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు తీసుకునే వేడి కూడా ఎక్కువ. ఆ మేరకు నాకింగ్ తగ్గే దిశలోనే ఉంటుంది. ఈ ఒక్క కారణంతో హీట్ రేంజ్ మార్చే అవసరం కనిపించదు.

విప్పిన ప్లగ్గులు పక్కపక్కన పెడితే

నిర్ణయానికి అసలు ఆధారం విప్పిన ప్లగ్గులే. గుడ్డ మీద సిలిండర్ల వరుసలోనే పేర్చి, పగటి వెలుతురులో చూడాలి. ముక్కు లేత గోధుమ రంగులో ఉంటే మెట్టు సరిపోయింది. పొడి నల్లటి మసి ఉంటే ప్లగ్గు చల్లన అయినా అయి ఉండాలి, పెట్రోలు ఎక్కువైనా పడుతుండాలి. ముక్కు సున్నం వేసినంత తెల్లగా మారి, మీద బుడిపెలు లేచి ఉంటే వేడి మితిమీరింది. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు మెరిసే బూడిద రంగు చుక్కలుంటే అది పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. నాకింగ్ తీవ్రంగా ఉందని అర్థం. అప్పుడు ప్లగ్గును వదిలి రీమ్యాప్‌ను సరిచేయాలి.

మూడింటిలో రెండు గోధుమ రంగులో ఉండి ఒక్కటే తెల్లబడితే? మూడింటినీ మార్చడం దానికి మందు కాదు. ఆ సిలిండర్‌కు పెట్రోలు తక్కువ అందుతోందేమో, ఇంజెక్టర్ మూసుకుపోయిందేమో చూడాలి.

పక్క ఎలక్ట్రోడ్ మీద ఇంకో గుర్తు ఉంటుంది. లోహం రంగు మారిన చోట ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీత వంపు దగ్గర ఉంటే మెట్టు ఇంచుమించు సరైనది. కొనకే పరిమితమైతే ప్లగ్గు మరీ చల్లన, మర మొదటి దాకా దిగితే మరీ వేడి.

గుర్తులు చదవడానికి ఎప్పుడు విప్పారన్నది ముఖ్యం. ఘాట్ ఎక్కి, దిగి, ఊళ్లోకి వచ్చి, షెడ్డు ముందు పది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి విప్పితే కనిపించేది ఆ పది నిమిషాల రంగే. కొండ ఎక్కడం పూర్తయిన చోట బండి ఆపి, వెంటనే ఇంజిన్ కట్టేసి, చల్లారాక అక్కడే విప్పి చూస్తే కొన అసలు కథ చెబుతుంది. చల్లారాక అన్న మాట చాదస్తం కాదు. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్‌లోని మరలు ప్లగ్గుతో పాటే ఊడి వస్తాయి.

బిగించేటప్పుడు 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20. వదులుగా ఉన్న ప్లగ్గు వేడిని హెడ్‌కు దాటించలేదు, ఎంత కోల్డ్ ప్లగ్గయినా హాట్ ప్లగ్గులా ప్రవర్తిస్తుంది. మరలకు గ్రీజు పూస్తే బిగువును కొలిచే టార్క్ రెంచ్ సరైన అంకె చూపుతున్నా లోపల బిగువు ఎక్కువైపోతుంది. పూత ఉన్న కొత్త ప్లగ్గులకు అది అవసరం లేదని తయారీదారులే చెబుతున్నారు. టార్క్ రెంచ్ లేని షెడ్డులో, వాషరు ఉన్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గును ముందు చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పానాతో సగం చుట్టు బిగిస్తే సరిపోతుంది. ఒకసారి వాడిన ప్లగ్గే మళ్లీ వేస్తుంటే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు.